స్కానింగ్ మిషన్లు కొనేవారికి కర్నూలు నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, రాష్ట్ర ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఏపీఎంఎస్ఐడీసీ కొనుగోళ్ల విభాగం వారికి, టెక్నికల్ కమిటీల్లో కూర్చునే నా తోటి డాక్టర్లకు నమస్కారాలు.

నేను కర్నూలులో రేడియాలజిస్టును. ప్రభుత్వ ఆసుపత్రులకు ఈసారి అల్ట్రాసౌండ్ మిషన్లు కొనేటప్పుడు ఒక్క విషయం పట్టుబట్టి అడగండని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. పేషంటు ఒంటి తీరును బట్టి తన లెక్కను తానే సరిదిద్దుకుని బొమ్మ కట్టే మిషన్లు ఇప్పుడున్నాయి. ఆ పద్ధతిని అడాప్టివ్ బీమ్‌ఫార్మింగ్ అంటారు. టెండరులో అది తప్పనిసరి షరతు కావాలి. బ్రోచరులో ఆ మాట ఉంటే చాలదు, మా దగ్గరికి వచ్చే మనుషుల మీద పెట్టి చూపించాకే ఆర్డరు ఇవ్వాలి.

ఎందుకింత పట్టుదల అంటే, మేము రిపోర్టుల్లో రాసే ఒక వాక్యం గురించి చెప్పాలి. "తల్లి శరీరతత్వం వల్ల పిండం అవయవాలు స్పష్టంగా కనిపించలేదు. రెండు వారాల తర్వాత మళ్లీ స్కాన్ చేయించుకోవాలి." గర్భిణులకు స్కానింగ్ చేసే డాక్టర్లందరికీ అలవాటైన వాక్యమే ఇది. పొట్ట మీద కొవ్వు మందంగా ఉన్నవాళ్లకు, పాత ఆపరేషన్ మచ్చ గట్టిపడినవాళ్లకు ఎక్కువగా రాయాల్సి వస్తుంది. చదివినవాళ్లకు లోపమంతా ఆ తల్లి ఒంట్లోనే ఉందనిపిస్తుంది. మిషన్ పెట్టుకున్న లెక్కలో ఉన్న లోపం ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

ఆ లెక్క ఇది. మిషన్ శబ్దాన్ని ఒంట్లోకి పంపుతుంది. తిరిగొచ్చే ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి లోతు కడుతుంది. అందుకు ఒంట్లో శబ్దం ఎంత వేగంగా నడుస్తుందో తెలియాలి. మామూలు మిషన్లన్నీ సెకనుకు 1540 మీటర్లు అని ఒకే అంకె పెట్టుకుని పనిచేస్తాయి. మెత్తటి కణజాలానికి అది సగటు వేగం. కొవ్వులో శబ్దం సుమారు 1450 మీటర్ల వేగంతోనే నడుస్తుంది, కండరంలో 1580 దాకా పోతుంది. బక్కపలుచని మనిషిలో ఆ సగటు అంకెతో నెట్టుకురావచ్చు. కొవ్వు, కండరం, మచ్చ పొరలు పొరలుగా ఉన్న పొట్టలో కుదరదు.

ఒంటికి ఆనించి చూసే ప్రోబ్ మూతిలో సన్నటి క్రిస్టళ్లు వరసగా ఉంటాయి, సాధారణంగా 128. లోపల ఒక చుక్క నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని దగ్గరున్న క్రిస్టల్‌కు ముందు, అంచుల్లో ఉన్నవాటికి కాస్త ఆలస్యంగా అందుతుంది. ఏ క్రిస్టల్‌కు ఎంత ఆలస్యమో మిషన్ ఆ 1540 అంకెతోనే లెక్కగట్టి, ఆ తేడాలు సరిచేసి, అన్నిటినీ కూడుతుంది. మన పల్లెల్లో చెక్కభజన చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అందరి చెక్కలూ ఒక్కసారి పడితే దెబ్బ ఖంగుమంటుంది. కొందరు రవ్వంత వెనకబడితే మోత మిగులుతుంది, తాళం పోతుంది.

ఆ రవ్వంత ఎంతో కాగితం మీద వేసి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. పొట్ట స్కానింగ్‌కు మామూలుగా వాడే 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక అల పూర్తి కావడానికి పట్టే సమయం 0.29 మైక్రోసెకన్లు. ఒక క్రిస్టల్ కింద కొవ్వు పొర, దూరంగా ఉన్న ఇంకొకదాని కింద ఉన్నదానికంటే మూడున్నర మిల్లీమీటర్లు మందంగా ఉందనుకోండి. ఆ దారిన వచ్చే ప్రతిధ్వని 0.14 మైక్రోసెకన్లు ఆలస్యమవుతుంది. అంటే సగం అల. ఒకదాని ఎత్తు, ఇంకొకదాని పల్లం ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మూడున్నర మిల్లీమీటర్ల హెచ్చుతగ్గులు లేని పొట్ట ఎవరికుంటుంది? చుక్కగా కనబడాల్సింది మరకవుతుంది. నల్లగా ఉండాల్సిన ఉమ్మనీటిలో లేని పొగ కనబడుతుంది. గుండె గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు.

మా చేతిలో ఉన్న ఉపాయాలన్నీ వాడతాం. గెయిన్, అంటే ప్రతిధ్వనిని పెద్దది చేసే మీట, పెంచితే బొమ్మతో పాటు పొగా పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే లోతుకు పోతుంది గానీ సన్నటి వివరం పోతుంది. శబ్దం శక్తి పెంచుదామంటే దానికి భద్రతా పరిమితి ఉంది, పైగా కడుపులో బిడ్డ ఉన్నప్పుడు అవసరానికి మించి ఒక్క మెట్టు కూడా పెంచడానికి మనసొప్పదు. పంపిన శబ్దానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ కట్టే పద్ధతి, 1990ల చివర్లో వచ్చిన టిష్యూ హార్మోనిక్స్, చాలా మేలు చేసింది, ఇప్పుడు దాదాపు అన్ని మిషన్లలోనూ ఉంది. అయినా మందమైన పొట్టల దగ్గర దానికీ హద్దుంది.

"మళ్లీ రండి" అంటే మా ప్రాంతంలో ఏం జరుగుతుందో విజయవాడ, మంగళగిరి ఆఫీసుల్లో కూర్చున్న మీకు తెలియాలి. పోయిన కార్తీకమాసంలో కోసిగి వైపు నుంచి ఐదో నెల నడుస్తున్న ఒక అమ్మాయి అత్తతో కలిసి టిఫా స్కాన్‌కు, అంటే పిండం అవయవాలన్నీ వివరంగా చూసే స్కాన్‌కు వచ్చింది. వెన్నెముక చూశాను, మెదడు చూశాను, మూత్రపిండాలు చూశాను. గుండె దగ్గర ఆగిపోయింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాను. నీళ్లు తాగించి కాసేపు నడిపించాను. బొడ్డు దగ్గర గోడ పలచగా ఉంటుందని అక్కడ ప్రోబ్ ఆనించి చూశాను. కొట్టుకోవడం కనబడుతోంది, గదుల మధ్య గోడ మాత్రం తేలడం లేదు. రెండు వారాలాగి రమ్మన్నాను. "మల్లా ఎట్ల వచ్చేది మేడం? ఎల్లుండి గుంటూరుకు బండెక్కుతాండాం. ఉగాదికి గానీ రాము" అంది అత్త. పత్తికీ మిరపకీ పోయే వలస అది. ఉగాదికి ఆ పిల్లకు నెలలు నిండుతాయి.

ఊళ్లో తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన సెంటరులో ఉన్న కొత్త మిషన్ మీద ఆ సాయంత్రమే చూపించాను. అందులో శబ్దవేగాన్ని పేషంటును బట్టి సవరించే సౌకర్యం ఉంది. గుండె నాలుగు గదులూ విడివిడిగా కనబడ్డాయి, బాగున్నాయి. ఆ మిషన్ కొత్తది, ప్రోబ్ కొత్తది. కాబట్టి తేడా అంతా ఆ ఒక్క సౌకర్యం వల్లేనని నేను చెప్పను. అయితే ఆ బటన్ ఆఫ్ చేస్తే గోడ అంచు మసకబారింది, ఆన్ చేస్తే మళ్లీ తేలింది. అదే మిషన్, అదే ప్రోబ్, అదే పొట్ట. అది నా కళ్లతో చూశాను.

టిఫా చేయాల్సింది 18 నుంచి 22 వారాల మధ్య. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 24 వారాలు దాటితే, పిండంలో తీవ్ర లోపం ఉన్నా మెడికల్ బోర్డు అనుమతి కావాలి. రెండు వారాలు జరిపితే ఆ కుటుంబం ఆలోచించుకోవడానికి ఉన్న గడువులోంచే తరుగుతుంది. నెలనెలా 9వ తేదీన సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులు ఆసుపత్రికి వచ్చే రోజున మా గది ముందు వరండా ఎలా ఉంటుందో ఒకసారి వచ్చి చూడండి. ఆ వరుసలో ఒక్కొక్కరికి మేమివ్వగలిగిన నిమిషాలు కొన్నే. బొమ్మ మొదటిసారే తేలితే ఆ నిమిషాలు సరిపోతాయి.

ఈ అడాప్టివ్ పద్ధతులు నిన్న మొన్న పుట్టినవి కావు. అన్నిటికంటే సులువైనది శబ్దవేగాన్ని ఆ పేషంటుకు సరిపడా వెతుక్కోవడం. ఒకే ప్రతిధ్వనులను వేర్వేరు వేగాలతో లెక్కగట్టి, బొమ్మ ఎక్కడ పదునుగా వస్తే ఆ వేగాన్ని ఖాయం చేసుకుంటుంది మిషన్. దానికంటే ఒక మెట్టు పైది, పక్కపక్క క్రిస్టళ్లకు అందిన సంకేతాలను పోల్చి, ఏది ఎంత వెనకబడిందో పట్టుకుని సరిచేయడం. దీని మీద ఫ్లాక్స్, ఓడానెల్ అనే పరిశోధకులు 1988లోనే రాశారు. ఇంకొకటి, ఏ క్రిస్టల్ మాటకు ఎంత విలువ ఇవ్వాలో ప్రతి చుక్క దగ్గరా కొత్తగా తేల్చుకోవడం. ఈ లెక్కను కేపన్ అనే ఆయన 1969లో ప్రచురించారు, అదీ వైద్యం కోసం కాదు. అమెరికాలోని మోంటానాలో, భూగర్భ అణు పరీక్షల ప్రకంపనలను కనిపెట్టడానికి పాతిన సీస్మోమీటర్ల వరస కోసం. ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో దాన్ని మెడికల్ అల్ట్రాసౌండ్‌కు వాడి చూపించారు. భూమి లోపలి ప్రకంపనలను వినడానికి కట్టిన లెక్క తల్లి కడుపులో బిడ్డ గుండెను చూడటానికి పనికొచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

క్రిస్టళ్లన్నీ ఒక్క మాట మీద ఉన్నాయా లేదా అని చూసే పద్ధతులు వేరే ఉన్నాయి. నిజమైన అవయవం నుంచి వచ్చే ప్రతిధ్వని పక్కపక్క క్రిస్టళ్లలో ఒకే పోలికతో ఉంటుంది, పొర గోడల్లో అటూ ఇటూ కొట్టుకుని వచ్చే చెత్తకు ఆ పోలిక ఉండదు. మలార్, ఫింక్ 1994లో ఈ దారి చూపారు. డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ఆ పోలికతోనే ఏకంగా బొమ్మ కట్టారు. మందమైన పొట్టల్లో పొగ తీసేయడానికి ఇది బాగా పనికొస్తుంది.

ఇన్నాళ్లూ ఇవి మా దాకా రాకపోవడానికి కారణం లెక్క బరువు. ఒక్కో బొమ్మలో లక్షల చుక్కలు, ఒక్కో చుక్కకూ మళ్లీ మొదటి నుంచీ లెక్క, సెకనుకు పాతిక ముప్పై బొమ్మలు. పాత మిషన్లలో ఆలస్యాల లెక్క చిప్పుల్లోనే బిగించి ఉండేది, మార్చడానికి వీల్లేదు. ఇప్పుడు గ్రాఫిక్స్ ప్రాసెసర్లు వచ్చాక ఆ పనంతా సాఫ్ట్‌వేరులో జరిగే మిషన్లు వచ్చాయి. నేను మీ దృష్టికి తేవాలనుకున్నది ఇక్కడే ఉంది. ఈ రోజు పాత రకం మిషన్ కొంటే, అది మూలన పడేదాకా మా ప్రాంతం ఆ 1540 అంకెతోనే బతకాలి. సాఫ్ట్‌వేరు రకం కొంటే తర్వాత వచ్చే మెరుగులు అదే మిషన్‌లోకి ఎక్కించుకోవచ్చు. వారంటీ, సీఎంసీ (విడిభాగాలతో సహా నిర్వహణ ఒప్పందం) ఉన్నన్నాళ్లూ ఆ అప్‌డేట్లు ఉచితంగా ఇవ్వాలని టెండరులోనే రాయించండి. తర్వాత అడిగితే ఒక్కో అప్‌డేటుకు ఒక్కో కొటేషన్ వస్తుంది.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి దీనిలో ఉన్న ప్రమాదమూ నేనే చెప్పాలి. పొగ తీసే పద్ధతి కొన్నిసార్లు నిజాన్నీ తీసేస్తుంది. కాలేయంలో చీముగడ్డ ఉంటే లోపల సన్నటి పొడిలాంటి ప్రతిధ్వనులు కనబడతాయి, మామూలు నీటితిత్తిలో అవి ఉండవు. ఆ పొడిని కూడా చెత్త అనుకుని మిషన్ ఊడ్చేస్తే చీముగడ్డ నీటితిత్తిలా నున్నగా, నల్లగా కనబడుతుంది. రాయి, ఎముక లాంటి మెరిసే వస్తువు పక్కన లేని నల్లచారలు వచ్చే అవకాశమూ ఉంది. కొన్ని పద్ధతుల్లో నలుపు, తెలుపుల మధ్య దూరాన్ని సాగదీయడం వల్లే బొమ్మ మెరుగైనట్టు కనబడుతుందని, లోపల ఉన్న సమాచారం పెరగదని నార్వే పరిశోధకులు 2019లో తేల్చారు. టీవీలో కాంట్రాస్ట్ పెంచితే సినిమా కొత్తదైపోదు గదా. అందుకే అడాప్టివ్ సౌకర్యాన్ని ఒక్క బటన్‌తో ఆపే వీలుండాలి, రెండు బొమ్మలూ పక్కపక్కన కనబడాలి, రెండూ రికార్డులో నిలవాలి. ఈ మధ్య కృత్రిమ మేధతో బొమ్మ శుభ్రం చేస్తామంటూ వస్తున్న మిషన్లకు ఈ షరతు మరీ గట్టిగా పెట్టాలి. ఎక్కడో ఎవరి ఒళ్ల మీదో నేర్చుకున్న యంత్రం మా పేషంటులో లేనిదాన్ని గీసినా, ఉన్నదాన్ని చెరిపినా, అసలు బొమ్మ చేతిలో లేకపోతే నేను ఎలా పట్టుకోగలను? రిపోర్టు కింద సంతకం నాది.

డెమోల గురించి ఒక మాట. ఒకసారి ఒక కంపెనీ వాళ్లు డెమోకు వస్తూ స్కాన్ చేయించుకోవడానికి తమ స్టాఫ్‌లోంచే ఒక సన్నటి కుర్రవాణ్ని వెంట తెచ్చుకున్నారు. పొద్దున్నుంచి ఏమీ తినలేదతను, కడుపులో గ్యాసు లేదు. కాలేయం, పిత్తాశయం అద్దంలో చూసినట్టు కనబడ్డాయి. అలాంటి మనిషి మీద ఏ మిషన్ పెట్టినా అలాగే కనబడుతుంది. కమిటీ ముందు డెమో జరిగేటప్పుడు ఎవరిని స్కాన్ చేయాలో కంపెనీ నిర్ణయించకూడదు. ఓపీకి వచ్చినవాళ్లలో ఒప్పుకున్నవారిని, లావుగా ఉన్నవారిని, పాత ఆపరేషన్ మచ్చ ఉన్నవారిని పిలవండి. పోటీలో ఉన్న మిషన్లన్నీ అదే పూట అదే మనుషుల మీద పెట్టించండి. వచ్చిన బొమ్మల మీద కంపెనీ పేరు కనబడకుండా చేసి, ఆ డెమోలో లేని రేడియాలజిస్టులతో మార్కులు వేయించండి. దాంతోపాటు ఫాంటమ్ మీద కూడా చూడాలి. ఎంత లోతులో ఎంత తీగ, ఎంత తిత్తి ఉన్నాయో ముందే తెలిసిన దిమ్మ అది, అబద్ధం చెప్పదు. వైద్య పరికరాలు తయారుచేసి పరీక్షించే విశాఖ మెడ్‌టెక్ జోన్ మన రాష్ట్రంలోనే ఉంది. ఫాంటమ్ పరీక్ష అక్కడ చేయించి, ఫలితం టెండరు ఫైలులో పెట్టించవచ్చు.

ఖర్చు మాట వస్తుందని తెలుసు. ప్రతి పీహెచ్‌సీకీ ఖరీదైన మిషన్ కొనమని నేను అడగడం లేదు. కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్, ఈ మూడు బోధనాసుపత్రుల్లో ముందు పెట్టండి. ఆ తర్వాత ఆదోని లాంటి చోట్ల, వలస పోయే ఊళ్లకు దగ్గరగా. కర్నూలుకు మన జిల్లాలవాళ్లే కాదు, గద్వాల నుంచి, రాయచూరు నుంచి, బళ్లారి నుంచి కూడా వస్తారు. ఒక్క మంచి మిషన్ అక్కడ ఎంతమంది కడుపులు చూస్తుందో లెక్కలోకి తీసుకోండి. ఎల్1 ధర, అంటే టెండరులో అందరికంటే తక్కువ ధర, ఒక్కటే చూసి కొంటే, మళ్లీ మళ్లీ రావడానికి పేషంటు పెట్టుకునే బస్సు ఛార్జీ, పోగొట్టుకునే కూలీ ఏ ఫైలులోనూ లెక్కకు రావు.

కొన్న తర్వాత చూసుకోవాల్సినదీ ఉంది. ప్రోబ్ ఒకసారి కింద పడితే చాలు, కొన్ని క్రిస్టళ్లు చనిపోవచ్చు. జెల్ రాయకుండా ప్రోబ్‌ను గాలిలో పట్టుకుని చూస్తే తెర పైభాగాన వరసగా తెల్లటి గీతలు కనబడాలి. ఆ గీతలను కోస్తూ పైనుంచి కిందికి ఒక నల్లటి చార ఉంటే అక్కడ క్రిస్టల్ పోయినట్టే. పేపర్ క్లిప్పు ఒకటి ప్రోబ్ మూతి మీద ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా జరుపుతూ చూసినా, చచ్చిన చోట తెర మీద ఏ మార్పూ రాదు. దీనికి వేరే పరికరాలు అక్కర్లేదు, ఇంజనీరు అక్కర్లేదు, నిమిషం పట్టదు. అడాప్టివ్ లెక్క ఎంత గొప్పదైనా వినడానికి క్రిస్టలే లేకపోతే అది చేసేదేమీ లేదు. ఈ చిన్న పరీక్ష నెలకొకసారి చేసి రిజిస్టరులో రాయాలని అన్ని ఆసుపత్రులకూ ఒక సర్క్యులర్ ఇవ్వండి. చారలు పడిన ప్రోబ్‌ను సీఎంసీ కింద మార్చి ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీదేనని ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. ఇప్పుడు చాలా ఒప్పందాల్లో ఆ మాట దగ్గరే పేచీ వస్తుంది.

చివరిగా మన ఇంజనీరింగ్ కాలేజీల సంగతి. అనంతపురంలో జేఎన్టీయూ ఉంది, కర్నూలు జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీడీఎం ఉంది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. సిగ్నల్ ప్రాసెసింగ్ చదివే పిల్లలు అక్కడ ఎంతోమంది. వాళ్లకూ మా స్కానింగ్ గదికీ మధ్య తలుపు లేదు. మిషన్ కూడేసిన బొమ్మను మాత్రమే మేము బయటికి తీయగలం. కూడకముందు ఒక్కో క్రిస్టల్ విన్నది, అంటే రా ఛానల్ డేటా, కంపెనీ పెట్టెలోనే ఉండిపోతుంది. మూడు బోధనాసుపత్రుల్లోనూ ఒక్కొక్క మిషన్‌కైనా ఆ డేటా బయటికి తీసే సౌకర్యం ఉండాలని టెండరులో రాయండి. అప్పుడు మన ఒళ్లలో, మన కొవ్వు పొరల్లో ఏ వేగం సరిపోతుందో మన పిల్లలే లెక్కగట్టగలరు. మిషన్ లేకుండా కూడా వాళ్లు ఈ రోజే మొదలుపెట్టవచ్చు. డెన్మార్క్ వాళ్లు చేసిన ఫీల్డ్ టూ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. 2016లో జరిగిన పిక్మస్ అనే పోటీ కోసం పరిశోధకులు అందరికీ ఇచ్చిన ఛానల్ డేటా కూడా ఉంది.

కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించిన పీసీపీఎన్‌డీటీ చట్టం సంగతి మరిచిపోయి ఇది రాయడం లేదు. ఆ చట్టం అంత కఠినంగా ఉండటం న్యాయమే, ఆడపిల్లల విషయంలో మనం చేసిన పాపం వల్లే అది వచ్చింది. మిషన్ రిజిస్టరైన ఆసుపత్రిలోనే ఉంటుంది, స్కాన్ అర్హత ఉన్న డాక్టరే చేస్తారు. బయటికి పోయేది పేరు, ఊరు తీసేసిన డేటా మాత్రమే. మొదట గర్భిణులవి అసలు వద్దు. కాలేయం, కిడ్నీ, థైరాయిడ్‌తో మొదలుపెడదాం. ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషంటుకు అర్థమయ్యే తెలుగులో అంగీకార పత్రం ఉండాలి. ఈ హద్దులన్నీ పాటిస్తూ డేటా ఇచ్చే విధానాన్ని ఒక జీవోగా ఇస్తే కాలేజీలకూ భయం ఉండదు, మాకూ ఉండదు.

వచ్చే టెండరు స్పెసిఫికేషన్లను ఖరారు చేసే ముందు ముసాయిదాగా బయట పెట్టి, జిల్లాల్లో స్కానింగ్ చేసే డాక్టర్ల అభిప్రాయాలకు ఒక నెల గడువివ్వండి. కమిటీలో కనీసం ఒక్కరైనా రోజూ ప్రోబ్ పట్టుకునే రేడియాలజిస్టు, ఒక్కరైనా సిగ్నల్ ప్రాసెసింగ్ తెలిసిన ప్రొఫెసరు ఉండేట్టు చూడండి. పిలిస్తే నేను వస్తాను. పేర్లు తీసేసిన బొమ్మలు, బటన్ ఆఫ్‌లో ఒకటి, ఆన్‌లో ఒకటి, జతలు జతలుగా నా దగ్గర ఉన్నాయి, అవి తీసుకుని వస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక రేడియాలజిస్టు,
కర్నూలు